ఫోటోకి నాలుగో మనిషి

మా ఇంట్లో ముగ్గురం. ఫోటోల్లో మాత్రం నలుగురం. బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల వెనక సందులో, లిఫ్టుకి బుద్ధి పుడితే నడిచే ఒక పాత బిల్డింగులో మేం కాపురం ఉన్న రోజుల ఫోటోలు ఎవరు చూసినా మొదట అడిగేది ఒకటే: "ఈ నాలుగో ఆయన ఎవరు? మీ బావగారా?" బావగారు కాదు. ఆయన పోశయ్య, మా బిల్డింగు నాతూర్. వాచ్‌మన్‌ని దుబాయ్‌లో అలాగే పిలుస్తారు. కరీంనగర్ జిల్లా మనిషి. తెల్లవారుజామునే కార్లు కడుగుతాడు, నీళ్ల క్యాన్లు మోస్తాడు, సాయంత్రం ఇంటింటికీ తిరిగి చెత్త సంచులు పట్టుకెళ్తాడు, లిఫ్టు ఆగిపోతే బయట నిలబడి "సబర్, సబర్" అంటూ లోపలివాళ్లకి ధైర్యం చెప్తాడు. అలాంటి మనిషి మా సోఫాలో దర్జాగా కూర్చుని, మా అమ్మాయిని ఒళ్లో పెట్టుకుని ఏడాది పైగా మా ఫోటోల్లో ఎలా ఉన్నాడో చెప్పాలంటే, మా ఆయన పిచ్చి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా ఆయన విక్రమ్ క్వాంటిటీ సర్వేయరు. అంటే బిల్డింగు లేవకముందే దానికి ఎంత సిమెంటు పడుతుందో చెప్పే ఉద్యోగం. ఇంట్లో మాత్రం పప్పులో ఉప్పు పడిందో లేదో తిన్నాక కూడా చెప్పలేరు. 2005 షాపింగ్ ఫెస్టివల్‌లో డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చి, డబ్బా పూర్తిగా విప్పకముందే ప్రతిజ్ఞ చేశారు. ఇకమీదట రోజుకో ఫోటో. అందులో ముగ్గురం ఉండాలి. ఎవరం ఏ పనిలో ఉంటే ఆ పనిలోనే ఉండాలి.

"పండగలకీ పెళ్లిళ్లకీ అందరూ తీస్తారు సుధా. మామూలు మంగళవారం ఎలా ఉంటుందో ఎవడు తీస్తాడు?"

"ఎవడూ తియ్యడు. ఎవడికీ అక్కర్లేదు కాబట్టి," అన్నాను.

విన్నారా? వినలేదు. ఫ్రిజ్ మీద టెలిఫోన్ డైరెక్టరీలు పేర్చి, వాటి మీద కెమెరా పెట్టి, టైమర్ నొక్కి పరిగెత్తుకొచ్చి మా పక్కన పడేవారు. పడటమంటే నిజంగానే పడటం. మొదటి వారం ఫోటోల్లో బెండకాయలు తరుగుతూ ఓరగా కోపంగా చూస్తున్న నేనూ, నోరంతా తెరిచి నవ్వుతున్న మా ఐదేళ్ల తన్మయీ, సగం చొక్కా, ఒక మోకాలూ కనిపిస్తాయి. ఆ మోకాలే మా ఆయన.

వీటిని కాకినాడలో ఉన్న మా అత్తగారికి మెయిల్ చేసేవారు. మా మరిది నాగచైతన్య ఆవిణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించేవాడు. వారం తిరక్కుండా ఆవిడ దగ్గర్నుంచి ఫోను.

"ఏరా, బుద్ధుందా నీకు? ముగ్గురు కలిసి ఫోటో దిగుతారట్రా ఎక్కడైనా?"

"మేం ఉన్నదే ముగ్గురం కదమ్మా."

"ఉంటే ఉండండి. ఫోటో దిగకండి. ముగ్గురు దిగితే మధ్యలో ఉన్నవాళ్లకి మంచిది కాదు. ఎవరున్నార్రా మధ్యలో? నా మనవరాలు."

"అయితే రేపట్నుంచి సుధని మధ్యలో నిలబెడతాలే."

ఫోను స్పీకర్లో ఉందన్న సంగతి ఆయన మర్చిపోయారు. ఆ పూట ఆయనకి కూర వడ్డించలేదు నేను.

మా అత్తగారు ఆదిలక్ష్మి గారు ఒక మాటంటే అంతే. ఇద్దరు దిగండి, లేదా నలుగురు దిగండి. కొడుకూ తక్కువవాడు కాదు, ముగ్గురం ఉండి తీరాలి. వీళ్లిద్దరి పంతానికీ మధ్య నాలుగో మనిషిని వెతికే పని నా నెత్తిన పడింది. తన్మయి బొమ్మని కూర్చోబెడితే, "ప్రాణమున్న మనిషి కావాలమ్మాయ్, దేవుణ్ణి మోసం చేస్తారా," అన్నారు అత్తగారు. పై అంతస్తులో హైదరాబాద్ ఆవిడ రజియా బేగం ఉండేవారు. బంగారంలాంటి మనిషి, పిలిస్తే కాదనరు. కానీ ఫోటో అనేసరికి వెనక్కి వెళ్లి బట్టలు మార్చుకుని, సుర్మా పెట్టుకుని, గాజులు వేసుకుని వచ్చేవారు. ఈలోపు మా పొయ్యి మీద వంకాయ కూర మాడేది. పైగా ఆవిడ వచ్చిన రోజల్లా ఫోటో రంజాన్ పండగలా ఉండేది. మామూలు మంగళవారం ఏదీ, అని మా ఆయన గోల.

అలాంటి ఒక సాయంత్రం చెత్త సంచి కోసం పోశయ్య బెల్లు కొట్టాడు. మా ఆయన కళ్లు మెరిశాయి.

"పోశయ్యా, ఒక్క నిమిషం లోపలికి రా."

"ఏమైంది సారు? పైపు లీకైందా?"

"కాదు, ఫోటో దిగుదువుగాని."

పోశయ్య ముఖం పాలిపోయింది. "నేనేం జేసిన సారు? ముదీర్‌కు పంపుతరా?"

ముదీర్ అంటే మా బిల్డింగు మేనేజరు. ఫిర్యాదుకి తప్ప నాతూర్‌ని ఎవరైనా ఫోటో ఎందుకు తీస్తారని పాపం అతని అనుమానం. నేనే కల్పించుకుని అత్తగారి సంగతంతా చెప్పాను. అతని ముఖంలోకి మళ్లీ రక్తం వచ్చింది.

"గట్ల చెప్పుండ్రి మరి. ముసలమ్మ సరిగనే అన్నది. మా దిక్కు గూడ ముగ్గురు దిగరు." గబగబా వచ్చి మా పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాడు. ఫోటో పడ్డాక కూడా వదల్లేదు, మేం చెప్పేదాకా.

మర్నాడు అత్తగారు ఫోను చేసి, "మనిషి బాగానే ఉన్నాడు గానీ, చేతిలో ఆ నల్ల సంచీ ఏంటే? చెత్తని కూడా ఫోటో తీయించారా?" అన్నారు. ఆ కబురు చెప్తే పోశయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాటి నుంచి సంచి గుమ్మం బయట పెట్టి, తలకి కొబ్బరినూనె రాసి దువ్వుకుని, చొక్కా పై గుండీ కూడా పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. టైమర్ సంగతి అర్థమయ్యాక లెక్క పెట్టే ఉద్యోగం కూడా తనే తీసుకున్నాడు. "తలాతా, ఇత్నేన్, వాహిద్, యల్లా!" యల్లా దగ్గర ఫోటో పడేది. తన్మయికి బళ్లో రాని అరబ్బీ అంకెలు ఇలా వెనక నుంచి ముందుకి వచ్చేశాయి. అది వచ్చి అతని ఒళ్లో ఎక్కి కూర్చునేది, లేదా భుజం మీద. సొంత తండ్రి పక్కనే ఖాళీగా ఉన్నా సరే.

మాకు వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పోశయ్య వచ్చే వేళకి దెబ్బలాట ఆపెయ్యాలి. మొగుడూ పెళ్లాలు సాయంత్రం పూట కాకపోతే ఎప్పుడు దెబ్బలాడుకుంటారు? ఒకరోజు నేను ముఖం ముడుచుకుని కూర్చుంటే పోశయ్య ఇద్దర్నీ పరకాయించి చూశాడు.

"అమ్మా, జర మొకం సక్కగ వెట్టుండ్రి. ముసలమ్మ సూసిందనుకో, కాకినాడకెల్లి బయలెల్లుతది. మల్ల మీ ఇష్టం."

నాకు నవ్వాగలేదు. ఆ ఫోటోలో నేను కొంగు నోట్లో కుక్కుకుని ఉంటాను. మా ఆయన మాత్రం తగవులో తనే గెలిచానన్నట్టు కూర్చున్నారు.

అత్తగారికైతే పోశయ్య సొంత మనిషైపోయాడు. "పోశయ్య చిక్కాడేంటే? దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం ఇవ్వకూడదూ?" అని ఫోన్లో అడిగేవారు. నేను జ్వరంతో పడుకుని ఉన్న ఫోటో చూసి మాత్రం, "ఆ దుప్పటి ఎక్కడ కొన్నావు, బాగుంది," అన్నారు. ఒళ్లు మండదా?

ఆ మరుసటి ఏడు వేసవిలో మా ఆయన మీనా బజార్ స్టూడియోలో కొన్ని ఫోటోలు కడిగించి పోశయ్యకి ఇచ్చారు. చెయ్యి లుంగీకి రెండుసార్లు తుడుచుకుని గానీ ముట్టుకోలేదు. ఒక్కొక్కటీ అంచులు పట్టుకుని చూసుకుని, అన్నిటినీ తన ఊరివాడు భూమేశ్ చేత ఇంటికి పంపాడు. భూమేశ్ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ సెలవుకి వెళ్తున్నాడు. ఆ వారమంతా పోశయ్య హుషారు చూడాలి. మెట్లు తుడుస్తూ కూనిరాగాలు.

తరవాత ఒకరోజు పోశయ్య ఫోటోకి రాలేదు. మర్నాడూ రాలేదు. గుమ్మం బయట పెట్టిన చెత్త సంచి మాత్రం మేం మళ్లీ తలుపు తీసేలోపే మాయమైపోతోంది. ఆ రోజుల ఫోటోల్లో ఇద్దరిద్దరమే ఉంటాం. అత్తగారు ఊరుకుంటారా? "పోశయ్యేడీ? ఏమన్నావే వాణ్ణి?" అని నా మీదే పడ్డారు. నేనేమన్నాను? నాకు ఉక్రోషం వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చరచరా కిందకి దిగాను.

అతని గది మెట్ల కింద ఉంటుంది. నిటారుగా నిలబడితే తల తగిలేంత గది. నీళ్ల మోటారు స్విచ్చులూ, చీపుళ్లూ, మాపులూ పోగా మిగిలిన చోట ఒక చాప. పోశయ్య చాప మీద కూర్చుని ఉల్లిపాయ కోస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే, కూర్చోమన్నాను.

"ఏమైంది పోశయ్యా? ఫోటోకి రావట్లేదు?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే పైకి రా."

"నాకద్దమ్మా. మీ ఫోటోలు నాకద్దు."

అంత మెత్తటి మనిషి అంత మాట అన్నాక ఎలా వదిలేస్తాను? గుమ్మంలోనే నిలబడ్డాను. కాసేపటికి అతనే మొదలుపెట్టాడు. ఉల్లిపాయ వల్లో కాదో గానీ ముక్కు ఎగబీలుస్తూ చెప్పాడు.

పోశయ్యకి ఒక్కతే కూతురు, కరుణ. మా తన్మయి ఈడుదే. ఉయ్యాల్లో ఉండగా చూసి వచ్చాడు, మళ్లీ చూడలేదు. సెలవులు రాక కాదు. సెలవు వచ్చినప్పుడల్లా ఏదో వంక పెట్టి వాయిదా వేసుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు, భార్య లక్ష్మవ్వకి కూడా. అంతకుముందు అతను అబుదాబి అవతల మఫ్రఖ్‌లో ఒక లేబర్ క్యాంపులో ఉండేవాడు. అక్కడ పక్క మంచం వాడొకడు చాలా ఏళ్లకి ఇంటికి వెళ్తే, సొంత కొడుకు తలుపు చాటున నక్కి, "అమ్మా, గీ మామ ఎప్పుడు పోతడే?" అని అడిగాడట. వాడు తిరిగొచ్చి ఆ మాట చెప్పి నవ్వాడు, గదిలో అందరూ నవ్వారు. పోశయ్య నవ్వలేకపోయాడు.

"గప్పటిసంది బుగులమ్మా నాకు. నా బిడ్డ గూడ గట్లనే అంటె నేను బతుకుడెట్ల? గందుకే అనుకున్న, కొంచెం పెద్దగానియ్యి, ఫోన్ల నా గొంతు అలవాటు గానియ్యి, నన్ను బాపు అన్నంక పోత అని. ప్రతి శుక్రారం మాట్లాడుతుండె. మంచిగనే మాట్లాడుతుండె."

"మరి ఇప్పుడేమైంది?"

"ఫోటోలు వోయినయి గద." పోశయ్య కత్తి పక్కన పెట్టాడు. "అన్నిట్ల మన చిట్టి నా ఒళ్లె ఉన్నది. సోఫ, టీవి, మీరు, సారు... అది సూసి, బాపుకు ఆడ ఇల్లున్నది, ఇంకో పోరి ఉన్నది, నేనెందుకు అన్నదట. ఫోను కాడికే వస్తలేదు. లక్ష్మవ్వ గుంజుకొస్తే మంచాన్ని పట్టుకొని ఏడుస్తున్నది."

మా సరదాకి ఒక పసిపిల్ల తండ్రిని పోగొట్టుకుంటోందే అని ఏడుపొచ్చింది. "ఉప్పు చాలకపోతే అడుగు," అని పిచ్చి మాట ఒకటి అనేసి పైకి వచ్చాను.

మా ఆయనకి చెప్తే క్షణంలో పరిష్కారం కనిపెట్టారు. సర్వేయరు కదా. తన్మయి ఉన్నందుకే గదా తంటా, తన్మయి లేకుండా పోశయ్యని ఒక్కణ్ణీ తీసి పంపితే సరి. పోశయ్యని బతిమాలి పైకి తెచ్చాం. సోఫా వద్దని గోడ ముందు నిలబెట్టాం. తీరా చూస్తే అతనికి ఒక్కడూ నిలబడటం రాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ముందుకి కట్టాడు, వెనక్కి కట్టాడు, చివరికి ఎవరో పట్టుకుంటారన్నట్టు ఒక చెయ్యి పక్కకి చాపి వదిలేశాడు. అదే ఫోటో పడింది. కడిగించి, మళ్లీ ఎవరో ఊరివాళ్లు వెళ్తుంటే పంపాం.

జవాబు లక్ష్మవ్వ చేత వచ్చింది. కరుణ ఆ ఫోటోని తిప్పి వెనక కూడా చూసి, "ఆ పోరిని ఏడ దాసిండు?" అందట.

మా ఆయన తల గోక్కున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇదంతా వింటున్న తన్మయి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నేను మాట్లాడతా ఆ అమ్మాయితో," అంది. చిన్నపిల్లవి, ఊరుకో అన్నాం. పోశయ్య మాత్రం ఊరుకోలేదు. మునిగేవాడికి ఏది దొరికితే అదే. ఆ శుక్రవారం లక్ష్మవ్వకి కబురు చేశాడు. ఆ ఫోటోల పిల్ల మాట్లాడుతుందట అని చెప్తే కరుణ వెంటనే లేచి ముఖం కడుక్కుందట. "దానితోని కొట్లాడుత," అందట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ల్యాండ్‌లైన్ నుంచి వాళ్ల పక్కింటి నంబరుకి చేశాం. స్పీకర్ పెట్టాం. పోశయ్య సోఫాలో కూర్చోకుండా నేల మీద, ఫోనుకి దగ్గరగా కూర్చున్నాడు. అటువైపు గాజుల చప్పుడు, "మాట్లాడు బిడ్డా" అంటున్న లక్ష్మవ్వ గొంతు.

"హలో. నా పేరు తన్మయి."

అటునుంచి సన్నటి గొంతు, కోపంగా. "నువ్వేనా ఫోటోల పిల్లవు?"

"అవును."

"మా బాపు నీకు గూడ బాపేనా?"

"కాదు. మా నాన్న వేరే ఉన్నాడు. ఇదిగో, పళ్లు కుట్టుకుంటున్నాడు."

మా ఆయన గభాల్న పుల్ల జేబులో పెట్టుకున్నారు.

"మరి మా బాపు మీ ఇంట్లనే ఉంటడు గద?"

"ఉండడు. ఫోటోకి వస్తాడు. నలుగురు కావాలని మా నానమ్మ చెప్పింది. ఫోటో అయిపోగానే వెళ్లిపోతాడు."

"యాడికి?"

"కిందకి. మెట్ల కింద పడుకుంటాడు. చీపుళ్లు కూడా అక్కడే ఉంటాయి."

నేను దాని నోరు మూయబోయాను, ఆలస్యమైపోయింది. పోశయ్య తల వాలిపోయింది. ఇంటి దగ్గర ఏసీ గది అని చెప్పుకున్నాడట, ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ఫోటోలు చూసి ఊరంతా ఆ సోఫా అతనిదే అనుకుంటే, అనుకోనియ్యి అని ఊరుకున్నాడు. అటు లక్ష్మవ్వ గాజుల చప్పుడు ఆగిపోయింది. ఇక ఆ పిల్ల జన్మలో ఇతనితో మాట్లాడదనుకుని నేను తన్మయి వీపు మీద ఒకటి వెయ్యబోతున్నాను.

"ఒక్కడేనా?" అడిగింది కరుణ.

"ఒక్కడే."

"బాపుకియ్యి ఫోను."

తన్మయి ఫోనుని పోశయ్య ముందుకి జరిపింది. స్పీకర్ ఆపాలని ఎవరికీ తోచలేదు. పోశయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. "బిడ్డా," అనేలోపే అటునుంచి కరుణ అందుకుంది.

"బాపూ, మెట్ల కింద ఎందుకు పంటున్నవ్? మనింట్ల నీ మంచం ఖాళీగనే ఉన్నది గద."

పోశయ్య గోడ వైపు తిరిగాడు. సెలవు వాయిదా వేసిన ప్రతిసారీ అతని దగ్గర ఒక వంక ఉండేది. బదిలీ మనిషి దొరకలేదు, ముదీర్ ఒప్పుకోలేదు, టిక్కెట్లు లేవు. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

"అవు బిడ్డా," అన్నాడు. "వస్త."

"ఎప్పుడు?"

పోశయ్య మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశారు. నాకు ఎక్కడి కోపం వచ్చిందో ఏమో, "అలా చూస్తారేంటి ఇద్దరూ? వచ్చే నెల అని చెప్పు పోశయ్యా, నీ చీపుళ్లు ఎక్కడికీ పోవు, కావాలంటే నేను కాపలా ఉంటా," అని అరిచాను.

"వచ్చే నెల బిడ్డా. పక్కా."

"సరే మరి," అంది కరుణ. "మంచం మీద అమ్మ బట్టలు కుప్పేసింది. పోయి తీసేస్త." అని ఫోను వాళ్లమ్మకైనా ఇవ్వకుండా పరిగెత్తింది.